చర్చి వెనుక గదిలో

గుంటూరులో ఒక చర్చి వెనుక, పాస్టరుగారి ఇంటికీ బావికీ నడుమ, పొడవాటి పెంకుటిల్లు ఒకటున్నది. ఆదివారంనాడు అది సండే స్కూలు. సోమవారం నుండి శుక్రవారం వరకు, మూడేళ్ళు నిండి అయిదేళ్ళు దాటని పిల్లలు ఇరవైమందికి బడి. విరాళంగా వచ్చిన కథల అట్టలను, ఆటవస్తువుల పెట్టెలమీది ఆంగ్ల సూచనలను తెనిగించి పెట్టమని పాస్టరమ్మగారు అడగడం వల్ల, 2023 జూన్ నుండి ఒక విద్యాసంవత్సరంపాటు వారానికొకసారి నేనక్కడికి వెళ్ళి వచ్చాను.

ఉదయం చెప్పులు వరుసగా విడిచి, చేతులు జోడించి "వందనాలు టీచరమ్మా" అంటారు. చిన్న ప్రార్థన. ఒక కంఠత వాక్యం. ఇదంతా పదిహేను నిమిషాలలో ముగుస్తుంది. తరువాత చాపలు పరుస్తారు. ఇక మధ్యాహ్నం దాకా ఆటే. పిల్లల ఇళ్ళలో సగానికి పైగా వేరే దేవుళ్ళ పటాలున్నవి. ఆ సంగతి అక్కడ ఎవరికీ పట్టినట్లు కనిపించదు.

గది ఆదివారానికి ఖాళీ కావాలి గనుక శుక్రవారంనాడు అన్నిటినీ ఎత్తిపెట్టవలసిందే. చెక్కదిమ్మెలతో కట్టిన ఇల్లు, కుర్చీలు వరుసగా పేర్చి చేసిన ఓడ, ఇసుకతొట్టిలో తవ్విన కాలువ, ఏదీ మిగలదు. తన మేడను తానే పడగొట్టవలసి వచ్చినవాడు ఒకడు ఏడ్చాడు. "సోమారం మళ్ళీ కడుదువులే నాన్నా, ఈసారి మెట్లు కూడా పెట్టు" అన్నారు టీచరమ్మ. వాడు నిజంగానే మెట్లు పెట్టాడు. కూల్చి మళ్ళీ కట్టడంలో ఎంత చదువున్నదో లెక్కించే పరీక్షను ఎవరూ పెట్టలేదు.

చర్చికీ పసిపిల్లల బడికీ ఉన్న చుట్టరికం పాతది. ఆల్సేస్ కొండ పల్లెలలో ఓబెర్లిన్ అనే పాస్టరు 1769 ప్రాంతంలోనే, పెద్దలు పనులకు పోతే దిక్కులేక తిరిగే పసివాళ్ళను ఒకచోట చేర్పించి, యువతుల చేత అల్లికపనీ పాటలూ మొక్కల పేర్లూ నేర్పించాడు. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది స్థానిక మాండలికం. అక్కడ నేర్చినది ఫ్రెంచి. 1840లో కిండర్ గార్టెన్ అనే పేరు పెట్టిన ఫ్రోబెల్ కూడా ఒక పాస్టరు కుమారుడే. అయినా అవి నాస్తికత్వం నేర్పే బడులంటూ ప్రష్యా ప్రభుత్వం 1851లో నిషేధించింది. 1860లో గాని ఆ నిషేధం తొలగలేదు. బంతులూ చెక్కదిమ్మెలూ ఇచ్చి ఆడుకోమన్న మనిషిమీద అంత అనుమానమా అని మనం నవ్వుకోవచ్చు. కాని ఆటమీద అనుమానం మన వీధిలోనూ లేకపోలేదు.

ఫిబ్రవరి వచ్చింది. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు గుట్టలుగా దిగే కాలం. తొడిమలు తీయడానికి, తాలుకాయలు ఏరడానికి స్త్రీలు తెల్లవారుతూనే పనిలోకి పోతారు. వారి కొంగులలోని ఘాటు పిల్లల బట్టలతోపాటు బడికీ వస్తుంది. ఆ రోజులలో ఒకనాడు పెట్టెలోని ఎర్రపూసలు, తెల్లపూసలు చాపమీద పోశారు. "రంగులవారీగా వేరుచేయండి" అని మూతమీద నేను తెనిగించిన వాక్యం ఉన్నది. దానికోసం ఎవరూ ఆగలేదు. జూన్ నుండి నోరు విప్పని నాలుగేళ్ళ పిల్ల ఒకతె చేతిరుమాలు ముక్కుకు అడ్డం కట్టించుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని, తెల్లపూసలను ఒక ప్రక్కకు నెట్టసాగింది.

"ఇయ్యి తాలు. కలిస్తే మేస్త్రి ఊరుకోడు" అన్నది.

ఆ గదిలో ఆమె పలికిన మొదటి పూర్తి వాక్యాలవి. నా నిఘంటువులో తాలు అంటే గింజలేని ధాన్యం. ఆ పిల్ల తాలులో రంగు వెలిసిన మిరపకాయ, దాని తక్కువ ధర, మేస్త్రి కోపం అన్నీ ఇమిడి ఉన్నవి. దానిని ఆంగ్లంలోకి తేవాలంటే నాకు ఒక పంక్తి ఖర్చవుతుంది.

ఎవడో ఉత్తినే తుమ్మాడు; అది చూసి అందరూ తుమ్మారు. ఒకడు దిండును టిక్కీ చేసి వీపున మోశాడు. టీచరమ్మ బట్టలు తగిలించే కొక్కేనికి రెండు కొబ్బరిచిప్పలు కట్టి కాటా తయారుచేసి, తానే బేరగత్తె అయి కూర్చున్నారు. "తాలు లేకుండా పది రెడ్ ఇయ్యమ్మా" అన్నారు. ఆ పిల్ల ఏడు దాకా లెక్కపెట్టి తొమ్మిదికి దూకింది. టీచరమ్మ దిద్దలేదు. ప్రక్కనున్న పిల్లవాడే "ఎనిమిదేదీ?" అని తగవు పెట్టాడు. రెండవ బేరానికి ఆ పిల్ల నోటే "రెడ్డు" వచ్చింది.

అప్పుడే తల్లి వచ్చి గుమ్మంలో నిలబడింది. ముక్కుకు కట్టిన గుడ్డ, ఎర్రని రాశి చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

"ఈ పని తప్పాలనే గదా టీచరమ్మా బడికి పంపేది! ఈడ కూడా ఇదేనా? మా పక్కింటోళ్ళ పిల్లోడు ఏబీసీడీలు గడగడా చదూతన్నాడు."

ఆమె మాటను తేలికగా తీసివేయలేము. ఆ ఆంగ్లమే నాకు అన్నం పెడుతున్నది. అది నాకు తెరిచిన తలుపు తన బిడ్డకు తెరుచుకోవాలని ఆమె కోరడం అత్యాశ కాదు. చిన్నపిల్లల చదువు ఆటపాటలతో, వీలైనంతవరకు ఇంటిభాషలో సాగాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెబుతున్నది. ఆ సంగతి వినిపిస్తే చేతులు మండుతున్న ఆమెకు ఒరిగేదేమున్నది? టీచరమ్మ అదేమీ ఎత్తలేదు.

"నీ కూతురు ఇయ్యాళ మాట్లాడింది తల్లీ" అన్నారు.

ఆమె కాసేపు ఊరుకుని, "ఇంగిలీషులోనా?" అని అడిగింది.

"తెలుగులో. ఒక్క మాట ఇంగ్లీషులో."

తల్లి గుమ్మంలోనే చతికిలబడి, బేరం ముగిసేదాకా చూసింది. పోతూపోతూ కూతురి ముక్కుమీది రుమాలు విప్పి, మడిచి, టీచరమ్మ చేతికిచ్చింది.

ఏప్రిల్ దాకా ఆ పిల్ల వచ్చింది. పాత గొంతులన్నిటినీ మించి మాట్లాడింది. జూన్‌లో ఆమెను టై, బూట్లు ఉన్న మరొక బడిలో చేర్చారు. ఇంకా ముగ్గురు అదే దారి పట్టారు. నెలనెలా పిల్లలు కట్టే రుసుముతోనే ఆయమ్మ జీతం గడవాలి. 2024 జూన్‌లో మిగిలినవారూ కొత్తవారూ కలిసి పదహారుమంది. మిరపకాయల కాలం వచ్చేలోగా మరో నలుగురు చేరవచ్చునని టీచరమ్మ లెక్కవేశారు.