లేబుల్ చదివి వండిన పుట్టగొడుగుల కూర

పిల్లలూ, మీలో చాలామంది ఇళ్లలో కొరియా నూడుల్స్ వండుకుంటారని తరగతిలో మీరు చెప్పుకునే మాటల వలన నాకు తెలిసింది. మా ఇంటికి ఆ దేశపు రుచి ఒక పొరపాటుతో వచ్చింది.

రెండేళ్ల క్రితం మా అమ్మ గుంటూరు నుండి న్యూజెర్సీకి, మా ఇంటికి వచ్చింది. పుట్టిననాటి నుండి చేప, మాంసం ముట్టని మనిషి. ఇక్కడి చప్పిడి కూరలు ఆమెకు సహించలేదు. మాకు దగ్గరలోని పాలిసేడ్స్ పార్క్‌లో కొరియావారి దుకాణాలు చాలా ఉన్నాయి. అక్కడ ఒక కిమ్చి సీసా కొన్నాను. క్యాబేజీ ఊరగాయే కదా అనుకున్నాను. అమ్మ దానిని పెరుగన్నంలో నంజుకుని మురిసిపోయింది. మూడవనాడు ఖాళీ సీసా కడుగుతూ లేబుల్ చదివాను. ఉప్పులో ఊరవేసిన రొయ్యలు, చేపల సాస్ అని సన్నని అక్షరాలలో ఉన్నది.

చెప్పకపోతే ఆమెకు ఎన్నటికీ తెలియదు. సాయంత్రమంతా ఆ ఆలోచనతోనే గడిపి, చివరకు చెప్పాను. అమ్మ నన్ను ఏమీ అనలేదు. తలస్నానం చేసి వచ్చి, ఆ రాత్రి మంచినీళ్లు మాత్రమే తాగి పడుకున్నది. తిట్టి ఉంటే బాగుండునని అనిపించింది.

ఆనాటి నుండి ఏ సీసా తెచ్చినా ముందు నాచేత చదివించుకునేది. కొన్ని నెలల తరువాత గోచుజాంగ్ డబ్బా తెచ్చి, ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను: ఎండుమిరప కారం, బియ్యం, సోయా, గోధుమ, ఉప్పు, తీపి పాకం. కొరియా భాషలో గోచు అంటే మిరపకాయ. జాంగ్ అంటే సోయాను పులియబెట్టి చేసే ముద్ద. పూర్వం వారు దీనిని మట్టి జాడీలకెత్తి, ఎండ తగిలేచోట నెలల తరబడి ఉంచేవారు. మిరపకాయ వారికీ మనకూ అమెరికా ఖండాల నుండే వచ్చింది. గుంటూరు మనిషికి ఈ సంగతి చెబితే నమ్మలేదు, ఇప్పటికీ నమ్మదు.

పుట్టగొడుగుల దగ్గర మళ్లీ చిక్కు వచ్చింది. "పెంట మీద మొలిచేవి. మనింట్లో ఎవరూ తినరు" అన్నది. కొరియా బౌద్ధ ఆలయాలలో భిక్షువులు చేప, మాంసమే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరనీ, పుట్టగొడుగులు మాత్రం వండుకుంటారనీ చెప్పాను. "సరే, కానియ్యి, చూస్తాను" అని కుర్చీ లాక్కుని కూర్చున్నది.

పావుకిలో పుట్టగొడుగులను తడిగుడ్డతో తుడిచి, మందపు ముక్కలుగా కోశాను. మూకుడు బాగా కాగిన తరువాత నూనె వేసి, ముక్కలు ఒకదానిపై ఒకటి పడకుండా పరిచి, పెద్ద మంటపై ఎర్రబడనిచ్చాను. ముందే ఉప్పు వేస్తే నీరూరి ఉడుకుతాయే తప్ప వేగవు. తరువాత మంట తగ్గించి, 3 వెల్లుల్లి రెబ్బల తురుము, పెద్ద చెంచాడు గోచుజాంగ్, చిన్న చెంచాడు సోయా సాస్, చిటికెడు బెల్లం, 2 చెంచాల నీళ్లు వేసి కలిపాను. ఆ ముద్దలో తీపి ఉన్నది కనుక పెద్ద మంటపై ఇట్టే మాడుతుంది. దించాక కొరియా నువ్వులనూనె నాలుగు చుక్కలు. వారు నువ్వులను బాగా వేయించి నూనె తీస్తారు. ఆ వాసన మన పప్పునూనెకు రాదు. అంతా 10 నిమిషాల పని. మీరు చేయదలిస్తే పొయ్యి దగ్గర పెద్దవారు ఉండాలి.

అమ్మ వేడి అన్నంలో ఒక్క ముక్క కలుపుకుని చాలాసేపు నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికే. "ఇంకొంచెం వెయ్యి" అని కంచం ముందుకు జరిపింది. నేను గరిటె ఎత్తేలోగా, "ఆగు, ఆ డబ్బా మీది రాత ఇంకొక్కసారి చదువమ్మాయ్" అన్నది.

చదివాను.