నీటి ఒడ్డున కిరాయి ఇల్లు

వేములవాడకు వచ్చేవారిలో అత్యధికులు ఒక్క రాత్రి ఉండి వెళ్ళేవారే. ధర్మగుండంలో స్నానం చేసి, రాజరాజేశ్వరస్వామి ఆలయంలో కోడె మొక్కు చెల్లించుకొని మర్నాడు బస్సెక్కుతారు. అయినా ఈ ఊళ్ళో ఇళ్ళ కిరాయిని నిర్ణయించేది ఆ ఒక్క రాత్రి అతిథులే. గుడి చుట్టుపక్కల గల్లీల్లో గది ఖాళీ అయితే యజమాని దాన్ని నెల లెక్కన ఇవ్వడానికి ఇష్టపడడు. సోమవారాలు, శివరాత్రి, రెండేళ్ళకోసారి మేడారం జాతరకు ముందు రోజులు ఆయనకు రోజు లెక్కన గిట్టుబాటవుతాయి. సంసారంతో ఉండదలచినవారు గుడికి దూరంగా నడవాలి. నడిచిన కొద్దీ కిరాయి తగ్గుతుంది. 10వ శతాబ్దంలో చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో పంప మహాకవి ఉన్న రాజధాని ఇది. రాజధాని ఖరీదు మాత్రం ఈ శివారు గల్లీల్లో లేదు.

మాకు దొరికినవి రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు రేకుల వసారా. ఒప్పందం రాసుకుందామని మేము అడిగితే ఇంటి యజమానురాలు నవ్వి, "కాయితం ఎందుకు చెల్లె, మాట సాలదా?" అన్నారు. మాట మంచిదే. అయితే అప్పుల లావాదేవీలను రాసుకోవాలని ఖుర్ఆన్ (2:282) చెప్పడంలో ఉన్న వివేకం కిరాయి విషయంలోనూ పనికొస్తుంది. ఏడాదికి మించిన కౌలుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే అంతటా 11 నెలల పత్రం వాడుకలోకి వచ్చింది. అడ్వాన్సు ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అనే మూడు మాటలు అందులో ఉంటే చాలా తగవులు పుట్టవు. ప్రతి నెలా రసీదు అడగడం అవమానకరం కాదు.

ఆలయ ప్రాంగణంలోనే ఒక దర్గా ఉందని బయటివారు ఈ ఊరి గురించి ముందుగా చెబుతారు. మా దృష్టిలో ఇక్కడి పొత్తు తెలిసేది గల్లీలోనే. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న రాగా, మార్చి 2న రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. ఒకరి జాగరణ అలసట తీరకముందే మరొకరి సహరీ దీపాలు వెలిగాయి. నల్లా నీటికి వరుసలో నిలబడ్డ బిందెలు మాత్రం ఎప్పటిలాగే కలిసే ఉన్నాయి.

ఈ గల్లీల్లో కిరాయికి ఉండేవారిలో గల్ఫ్ కుటుంబాలు ఎన్నో. భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. పిల్లల చదువు కోసం భార్య పల్లె విడిచి ఇక్కడికి వస్తుంది. డబ్బు అందడం ఆలస్యమైన నెలలో బీడీలు చుట్టిన కూలీయే కిరాయి అవుతుంది. మగదిక్కు లేని ఇల్లని ఆమెకు ఇల్లివ్వడానికి వెనుకాడేవారూ ఉన్నారు. అది అన్యాయం. నెల తిరిగేసరికి కిరాయి తెచ్చిచ్చేది ఆమే కదా!

ఇంకొందరు ఒకప్పుడు సొంత ఇళ్ళున్నవారు. మానేరు, మూలవాగు కలిసేచోట మధ్యమానేరు జలాశయం కట్టారు. దాని సామర్థ్యం సుమారు 27 టీఎంసీలు. అనుపురం, రుద్రవరం, కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్ళు ముంపు జాబితాలో చేరాయి. పరిహారం వచ్చింది, పునరావాస కాలనీల్లో స్థలాలూ వచ్చాయి. కానీ పరిహారం అప్పులకో ఆడపిల్ల పెళ్ళికో కరిగిపోయినవారికి ఖాళీ స్థలం మీద గోడలు లేవలేదు. దొడ్డి, చింతచెట్టు, పెరటి బావి ఉన్న ఇంటి నుంచి వచ్చి రెండు గదుల్లో సర్దుకోవడాన్ని కిరాయి లెక్కతో కొలవలేము. చవక అన్న మాట వారి ముందు అనడానికి మాకు నోరు రాదు.

ఇప్పుడు ఆ నీరు చూడటానికి జనం వస్తున్నారు. వానాకాలం చివర కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదు. సముద్రం చూడని పిల్లలు దాన్నే సముద్రం అంటారు. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు మా పక్కింటి పెద్దమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. బురదలో తేలిన మొండిగోడల్ని లెక్కపెడుతూ, "అగో, అది మా అర్ర. దాని ముంగటే పొయ్యి ఉండె" అని చూపించారు. అక్కడ ఒక పడవ తాడు కట్టి ఉంది. చాలాసేపు చూశాక, సాయంత్రం నల్లా వచ్చే వేళయిందని ఆమే గుర్తుచేశారు.