హారమా? కడశీలా?

ఈ యేటి సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గము వారు కోరినప్పుడు, మా అలవాటు చొప్పున ప్రబంధ కవులను గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని అనుకొన్నాము. ఇంతలో తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి మా తలపును మరల్చినది. అలంకార పాఠము ముగించి పుస్తకము మూసినాము. చివరి బల్ల మీది విద్యార్థి యొకడు తన నోటు పుస్తకములో దాచుకొన్న బొమ్మను బయటికి తీసినాడు. అది పైకప్పు తెరచుకొనే రెండు సీట్ల ఎర్రని స్పోర్ట్స్ కారు. "సార్, మీరు కారు కొన్నారు కదా! ఇట్లాంటిది కొనింటే దానికి ఏమేమి పెట్టించుకొనుందురు?" అని అడిగినాడు. తరగతి గొల్లున నవ్వినది, మేమును నవ్వినాము. కాని ఆ ప్రశ్న నవ్వి వదలదగినది కాదు. ఆనాడు ఇయ్యని సమాధానమును ఇప్పుడు ఇచ్చుచున్నాము.

మాది నల్లమాడ. వేరుసెనగ చేలు, వాన కొరకు ఎదురుచూచు కళ్ళు మా ప్రాంతమునకు గుర్తులు. మా తాతగారి కాలమున ఇంట ఎద్దులబండి ఉండెడిది. సంతకు పోవునాడు ఎద్దుల మెడలకు గంటలు, కొమ్ములకు కుచ్చులు కట్టెడివారు. వాటిని చూచి ఊరివారు మెచ్చుకొనెడివారు. కాని బండి కదలుటకు ముందు తాతగారు వంగి చేతితో తడిమి చూచుకొన్నది గంటలను గాదు, కడశీలను. ఇరుసు చివర చక్రము జారిపోకుండ దిగగొట్టు చిన్న ఇనుప చీలకే కడశీల యని పేరు. దానిని ఎవ్వరును మెచ్చుకొనరు. అది ఊడిననాడు మాత్రము బండి, బండిలోని మనుషులు, గంటలు అన్నియు కాలువలో ఉండును. ఈ మాట మాకు చిన్ననాటనే తెలియును. అయినను కారు కొనబోయిననాడు మరచినాము. అదియే ఈ వ్యాసమునకు కారణము.

2022వ సంవత్సరము దసరా సెలవులలో మేము, మా శ్రీమతి, అమ్మీ, ఆరేండ్ల మా అమ్మాయి కలసి హిందూపురములోని ఒక షోరూమునకు వెళ్ళినాము. బుక్కపట్నము, కొత్తచెరువుల మీదుగా పెనుకొండ చేరి అచ్చటినుండి హిందూపురపు దారి పట్టినాము. పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచి వద్ద కియా కర్మాగారము కనబడగానే మా అమ్మాయి బస్సు కిటికీకి ముఖమానించి చూచినది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందము కుదిరి, 2019 ఆగస్టులో సెల్టాస్ అను తొలి కారు విపణిలోనికి వచ్చి, అదే సంవత్సరము డిసెంబరు 5న లాంఛనముగా ప్రారంభమైన కర్మాగారమది. ఏటికి మూడు లక్షల కార్లు చేయగల శక్తితో దానిని నిర్మించినారు. ఒకప్పుడు విజయనగర ప్రభువులకు రాజధానియై, బాబయ్య దర్గాకు నెలవై ప్రసిద్ధికెక్కిన పెనుకొండకు ఇట్లు కార్ల ఊరను పేరు కూడ వచ్చినది. కారు మా ప్రాంతమున పుట్టుచున్నది గాని, మా యింటికి అది అప్పటికి రాలేదు.

మా చేతిలో ఉన్నది ఏడేండ్లు కూడబెట్టిన సొమ్ము. వడ్డీకి అప్పు తేరాదన్నది స్వర్గస్థులైన మా అబ్బాజాన్ పెట్టిన కట్టడి. కనుక మా పరిమితి మా సంచియే. మేము కోరుకొన్న చిన్న కారు యొక్క మొదటి రకము ధర పోగా సంచిలో కొంత మిగులును. ఆ మిగులుతో ఏమి పెట్టించుకొనవలెనన్నదే ప్రశ్న.

షోరూములోని యువకుడు మర్యాదస్థుడు. పొడవాటి కాగితము ముందుంచినాడు. అల్లాయ్ చక్రములు, పెద్ద తెర గల సంగీత యంత్రము, తోలు సీట్లు, తలుపు తీయగానే వెలుగు రంగుల దీపములు, పైకప్పులో తెరచుకొను సన్‌రూఫు, ఇట్లు జాబితా సాగినది. "సార్, సన్‌రూఫ్ ఉండేదే తీసుకోండి సార్. రేపు అమ్మినా మంచి ధర పలుకుతాది" అన్నాడు. మా అమ్మాయి అప్పటికే ప్రదర్శనలోని కారెక్కి సన్‌రూఫులోనుండి తల బయట పెట్టి, "అబ్బూ! ఆకాశం!" అని కేక వేసినది. అక్కడ కనబడుచున్నది షోరూము రేకుల కప్పే.

నిజము చెప్పవలెనన్న, మా మనస్సు కూడ ఆ సన్‌రూఫు వైపే పోయినది. హిందూపురములోని మా దూల్హాభాయి కారుకు అది కలదు. వారి కారు ప్రక్కన మా కారు నిలిచిననాడు చిన్నబోరాదన్న తలంపు మాకు లేదని చెప్పలేము. చక్రములకు, సన్‌రూఫునకు టిక్కు పెట్టుటకు కలము కూడ తీసినాము.

అప్పటివరకు ఒక ప్రక్కన కుర్చీలో ఊరక కూర్చున్న అమ్మీ ఆ యువకుని పిలిచి, "నాయనా, వెనక నడుమ సీట్లో కూచునే బిడ్డకు పట్టీ ఏ మోస్తరుది? నడుముకేనా, భుజానికి కూడానా?" అని అడిగినది.

మా కలము ఆగినది. ఆ ప్రశ్న ఎక్కడనుండి వచ్చినదో మా యింట అందరికి తెలియును. అంతకు రెండేండ్ల ముందు ఒక పెండ్లికి పోయి, కదిరి దారిలో బాడుగ జీపులో రాత్రివేళ తిరిగి వచ్చుచుండగా, డ్రైవరు దేనికో గట్టిగా బ్రేకు వేసినాడు. నడుమ కూర్చున్న మా అమ్మాయి బంతివలె ముందు సీటునకు ఎగిరి కొట్టుకొన్నది. నుదుట ఐదు కుట్లు పడినవి. ఆ జీపులో పట్టీలు లేవు. ఉండవలెనని మేమును ఆనాడు అడుగలేదు. ఆ రాత్రి బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనకపోవుట తన తప్పేయని అమ్మీ మనస్సులో నిలిచిపోయినది. ఒడిలోని బిడ్డను సైతము చేతులు ఆపలేవని తరువాత చదివి తెలిసికొన్నాము. గంటకు నలుబది యేబది కిలోమీటర్ల వేగమున గుద్దుకొన్నచో పసిబిడ్డ బరువు పలు రెట్లై, ఎంతటి బలశాలి చేతులనుండియైనను జారిపోవును.

యువకుడు కాగితము త్రిప్పి చూచి, మొదటి రకమున నడుమ సీటుకు నడుము పట్టీ మాత్రమే కలదని, భుజము మీదుగా వచ్చు మూడు కొనల పట్టీయు, ఆరు ఎయిర్‌బ్యాగులును కావలెనన్న పై రకము తీసికొనవలెనని చెప్పినాడు. లెక్క వేసినాము. అది తీసికొన్న అల్లాయ్ చక్రములు లేవు, సన్‌రూఫు లేదు, పెద్ద తెర లేదు. సంచిలో మిగులునదియు లేదు.

ఇచట మా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పక తప్పదు. అలంకారము గూర్చి మన పూర్వులు చేసిన తగవు మీ పాఠములోనిదే. మమ్మటుడు అలంకారములను దేహమునకు శోభ కూర్చు హారములతో పోల్చి, గుణములను మాత్రము ఆత్మను అంటియుండు శౌర్యాదులతో పోల్చినాడు. అలంకారము లేకున్నను ఒక్కొక్కచోట కావ్యము కావ్యమే యని ఒప్పుకొన్నాడు. చంద్రాలోకము వ్రాసిన జయదేవుడు దానికి కోపించి, అట్లు ఒప్పుకొనువాడు వేడి లేని నిప్పును కూడ ఒప్పుకొనరాదా యని ఎగతాళి చేసినాడు. పదేండ్లుగా ఈ తగవును పాఠము చెప్పుచున్నాము. దాని అర్థము మాత్రము ఆనాడు ఆ షోరూములో బోధపడినది. ఏది హారము, ఏది గుణము అన్నదే ప్రశ్న. జాబితా వ్రాసినవాడు రెండింటిని ఒకే వరుసలో వ్రాయును. వేరు చేయవలసినది కొనువాడు.

ఈ వేరుచేత కాలమును బట్టి మారుననుటకు కార్ల చరిత్రయే సాక్షి. 1908లో ఫోర్డు వారి 'మోడల్ టి' వచ్చినప్పుడు, తొలి దినములలో పైకప్పు, ముందరి అద్దము, దీపములు కూడ అదనపు సొమ్ము చెల్లించి పొందవలసినవే. అనగా నేడు సొమ్మిచ్చి పైకప్పు తీయించుకొనుచున్నాము. ఆనాడు సొమ్మిచ్చి పైకప్పు వేయించుకొన్నారు! మూడు కొనల సీటు పట్టీని 1959లో వోల్వో సంస్థ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించగా, ఆ సంస్థ దానిని ఇతర తయారీదారులు కూడ వాడుకొనుటకు అనుమతించినది. ఎందరి ప్రాణములో నిలిపిన ఆ పట్టీ, కొన్నిచోట్ల పై రకపు జాబితాలోనే ఉండుట చూచి ఆశ్చర్యపడినాము. మన దేశమున 2019 ఏప్రిల్ నుండి చక్రములు బిగుసుకొనక బ్రేకు పడు ఏబీఎస్, అదే జూలై నుండి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయినవి. తరువాత ముందు సీటులోని రెండవ మనిషికి కూడ ఎయిర్‌బ్యాగు నియమము వచ్చినది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండవలెనని 2022 జనవరిలో ప్రభుత్వము ముసాయిదా ప్రకటించినది గాని, 2023లో రవాణా మంత్రి దానిని తప్పనిసరి చేయబోమని చెప్పినారు. చట్టము ఆగినచోట కొనువాని వివేకము మొదలు కావలెను.

పట్టీ యుండుట వేరు, ధరించుట వేరు. మేము షోరూమునకు పోవుటకు ఒక నెల ముందు, 2022 సెప్టెంబరు 4న, పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ వద్ద కారు ప్రమాదమున మరణించినారు. వారు ప్రయాణించినది మేలి కారు. వెనుక సీటులో నుండిరి. పట్టీ ధరించి యుండలేదని పోలీసులు తెలిపినారు. కడశీల బండిలో పడియున్నంత మాత్రమున చక్రము నిలువదు, దానిని దిగగొట్టవలెను.

హారములను మేము తక్కువ చేయుట లేదు. ధర్మవరము నేతగాని వద్ద మా చెల్లెలి పెండ్లి చీర చెప్పించిననాడు అంచు ఎంత వెడల్పు, పైట చెంగున జరీ ఎంత యని పూటంతయు మాటలాడినాము. అది తప్పు కాదు, చీరకు జరీయే అందము. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ప్రత్యేకముగా చేయుమని కోరినది. సింహాసనము వంటి ఆసనము, గుమ్మటము వంటి కప్పు దానికి అమర్చినారు. కాని అది చేరకమునుపే 1911లో ఆయన కన్ను మూసినారు. కారు కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున వచ్చినది. విద్యార్థులతో విహారయాత్రకు పోయి దానిని చూచినప్పుడు మాకు తోచినది ఇది: అలంకారములను ఏరుకొనుట రాజుకైనను చేతనగును, వాటిని అనుభవించు దినములను ఏరుకొనుట ఎవరికిని చేతగాదు.

మేము పై రకమునకే సంతకము చేసినాము. అమ్మాయి కంట నీరు పెట్టుకొన్నది. తిరుగు ప్రయాణమున బస్సులో మాతో మాటలాడలేదు. కారు ఇంటికి వచ్చిననాడు దూల్హాభాయి చుట్టు తిరిగి చూచి, "ఇంత పోసి మామూలు ఇనుప చక్రాలేనా!" అన్నారు. ఆ మాట కొంచెము గుచ్చుకొన్నది, అబద్ధమాడనేల?

తరువాతి వేసవిలో ఒకనాటి సాయంత్రము కొత్తచెరువు దాటి వచ్చుచుండగా గొఱ్ఱెల మంద ఒక్కపెట్టున దారికి అడ్డము వచ్చినది. బ్రేకు బలముగా తొక్కినాము. కారు గొఱ్ఱెలకు రెండు గజముల దూరమున నిలిచినది. వెనుకకు తిరిగి చూడగా నడుమ సీటులోని అమ్మాయి పట్టీ బిగిసి, కళ్ళు పెద్దవి చేసికొని, కూర్చున్నచోటనే ఉన్నది. అమ్మీ ఏమియు అనలేదు. మనుమరాలి నుదుటి మచ్చను ఒకసారి వ్రేలితో తడిమి, చేయి తీసికొన్నది. ఎయిర్‌బ్యాగులు ఆనాడు తెరచుకొనలేదు, నేటివరకు తెరచుకొనలేదు. "వాడని వాటికి అంత సొమ్మా?" అని అడుగువారు కలరు. అవి ఎన్నటికి తెరచుకొనకుండుగాక యనియే మా కోరిక.

ఆ సాయంత్రము గుండె దడ తగ్గుటకు బుక్కపట్నము చెరువు కట్ట మీద కారు ఆపినాము. అందరము దిగినాము. అమ్మాయి తల పైకెత్తి చాలసేపు చూచి, "అబ్బూ, ఇక్కడ ఆకాశం ఇంకా పెద్దగా ఉంది" అన్నది.

విద్యార్థి మిత్రులారా! మీలో పెక్కురు మాకంటె మంచి కార్లు కొందురు. చివరి బల్ల మిత్రుడు ఆ ఎర్రని కారునే కొనవచ్చును. కొనవలెననియే మా ఆశీస్సు. దానికి నచ్చిన రంగు, నచ్చిన తోలు, నచ్చిన చక్రములు పెట్టించుకొనుడు. అయితే టిక్కు పెట్టుటకు ముందు, షోరూములో ఒక ప్రక్కన ఊరక కూర్చున్న పెద్దవారిని ఒక మాట అడుగుడు. మీకు తట్టని ప్రశ్న వారి యొద్ద ఉండవచ్చును.