కృష్ణబిలం చిక్కదనం

జూన్ 4
స్ట్రింగ్ సిద్ధాంతి మల్దసేనా 1997 నవంబరు పేపరు మళ్లీ తీశాను. గురుత్వం ఉన్న అయిదు కొలతల లోకం, దాని అంచున గురుత్వం ఊసే లేని నాలుగు కొలతల క్వాంటం క్షేత్రం. రెండూ ఒకటేనంటాడు. (గోళంలా చుట్టుకున్న మరో అయిదు కొలతలున్నాయి, వాటి జోలికి ఇవాళ పోను.) ఇప్పటికీ పూర్తి నిరూపణ లేదు. రెండువైపులా లెక్కగట్టగలిగిన చోటల్లా మాత్రం సరిపోతోంది.

జూన్ 5
మరుసటేడు శాంటా బార్బరా స్ట్రింగ్స్ సదస్సులో జెఫ్ హార్వీ ‘మకరేనా’ బాణీలో ఈ పేపరు మీద పాట కడితే హేమాహేమీలు లేచి ఆడారట. మన సదస్సుల్లో శాలువాలు కప్పుకోవడమే తెలుసు.

జూన్ 9
క్షేత్రంలో బలాలు ముదిరితే మామూలు లెక్కలు చేతులెత్తేస్తాయి. అవతలివైపు అదే లెక్క ఐన్‌స్టీన్ సమీకరణాలకు లొంగుతుంది. ఇక్కడి వేడి ప్లాస్మా అక్కడ కృష్ణబిలం. ప్లాస్మా స్నిగ్ధత (చిక్కదనం) కావాలా? బిలం మీదికి అతి తక్కువ పౌనఃపున్యంతో గురుత్వ తరంగాన్ని వదిలి, ఎంత మింగుతుందో చూడాలి. మింగేది దాని క్షితిజ వైశాల్యాన్ని బట్టే. ఆ వైశాల్యాన్ని 16పై-జీతో భాగిస్తే స్నిగ్ధత, 4జీతో భాగిస్తే ఎంట్రోపీ (ఫోన్ల 4జీ కాదు, జీ అంటే న్యూటన్ స్థిరాంకం). మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వైశాల్యం ఎగిరిపోయింది, జీ కూడా. మిగిలింది 1 బై 4పై, దాదాపు 0.08. గురుత్వంతో చేసిన లెక్క జవాబులో గురుత్వం ఆనవాలే లేదు!

జూన్ 10
గది వేడిమిలో నీటికి అదే నిష్పత్తి కట్టాను. 0.08కి నాలుగు వందల రెట్లకు పైనే వచ్చింది. నీళ్లే ఇంత జిడ్డా!

జూన్ 13
బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో బంగారు కేంద్రకాలను ఢీకొట్టిస్తే క్వార్క్-గ్లువాన్ ప్లాస్మా వాయువులా చెదిరిపోలేదు, ద్రవంలా పారిందని 2005లో ప్రకటించారు. దాని నిష్పత్తి 0.08కి కొద్ది రెట్లలోపే. ఈ ప్లాస్మాకు అచ్చమైన గురుత్వ జోడీ ఎవరి దగ్గరా లేదు. దగ్గరి చుట్టం లెక్కతోనే పని గడిచింది. ఇంతకన్నా తక్కువ ఏ ద్రవానికీ ఉండదేమోనని కొవ్‌టున్, సన్, స్టారినెట్స్ ఊహించారు. ఐన్‌స్టీన్ సమీకరణాలకు కొన్ని సవరణ పదాలు కలిపితే ఇంకా కిందికి దిగుతుందని తర్వాత తేలింది. ఆ ఊహ పోయినా నాకేం బాధ లేదు, లెక్క అందం పోలేదు కదా.

జూన్ 21
అసలు చిక్కు వేరే ఉంది. మల్దసేనా లోకానికి కాస్మలాజికల్ స్థిరాంకం రుణ సంఖ్య కావాలి. ఆ పేపరు వచ్చిన మరుసటేడే సూపర్నోవాలు పరిశీలించినవాళ్లు మన విశ్వానిది ధన సంఖ్యని తేల్చారు. మనకు అలాంటి అంచే లేదు. 2001లో స్ట్రామింజర్ అంచును అనంత భవిష్యత్తులో పెట్టి చూశాడు. అక్కడ పెడితే కాలాన్ని ఏం చెయ్యాలన్నది ఇంకా తెగలేదు.