బ్రిస్టల్ దాకా వెళ్ళిన నాగమణి

‘మాక్సిన్‌క్వే’ ఆల్బమ్ ఎలా ఉందని తెలుగువాణ్ణి అడగండి. మిగతా పాటల సంగతి తర్వాత, ముందు ‘బ్లాక్ స్టీల్’ దగ్గర ఆగుతాడు. దాని దరువు చెవిన పడగానే పక్కవాడి భుజం తట్టి, “ఇది మన నాగమణి కదూ!” అంటాడు. ఆ తర్వాత ఆ ఆల్బమ్ మీద అతని అభిప్రాయం ఏదైనా సరే, అందులో కాస్త చుట్టరికం కలిసిపోయి ఉంటుంది.

నిజంగానే అది మన నాగమణి. ‘రోజా’ సినిమాలో పెళ్ళి జరిగిన రాత్రి ముసలమ్మలు చిందులేస్తూ కొత్త జంటను ఆటపట్టించే పాట. తమిళంలో రుక్కుమణి, మనకు నాగమణి. ఏ.ఆర్. రెహమాన్‌కి అది మొదటి సినిమా, 1992. మూడేళ్ళు తిరక్కుండా ఆ దరువు ఇంగ్లండ్‌లో ట్రికీ అనే సంగీతకారుడి చేతిలో పడింది. ట్రికీ అసలు పేరు ఏడ్రియన్ థాస్. బ్రిస్టల్ నగరంలో నోల్ వెస్ట్ అనే బీదల పేటలో పెరిగాడు. నాలుగేళ్ళప్పుడు తల్లి ఆత్మహత్య చేసుకుంది. ఆవిడ పేరు మాక్సిన్ క్వే. ఆ రెండు మాటలూ కలిపేసి 1995 ఫిబ్రవరిలో వచ్చిన తన మొదటి ఆల్బమ్‌కి పేరుగా పెట్టుకున్నాడు. ఆ బాణీ సంగీతానికి పత్రికలవాళ్ళు ట్రిప్ హాప్ అని పేరు తగిలించారు. ఆ పేరంటే ట్రికీకి గిట్టదు.

ఇక ఆ ‘బ్లాక్ స్టీల్’ అతను రాసిందీ కాదు. అమెరికాలో పబ్లిక్ ఎనిమీ బృందం 1988లో చేసిన పాట. సైన్యంలో చేరమంటూ సర్కారు నుంచి ఉత్తరం వస్తే, నన్ను మనిషిగా చూడని దేశం కోసం నేనెందుకు పోరాడాలని ఎదురుతిరిగి జైలుకి వెళ్ళిన నల్లజాతి యువకుడి కథ. జైలు బద్దలుకొట్టి బయటపడాలని చూస్తాడు. ఆ మగవాడి కథని ట్రికీ ఒక ఆడపిల్ల చేత పాడించాడు. మార్టినా టాప్లీ బర్డ్‌కి అప్పటికి ఇరవై నిండలేదు. ఆ గొంతులో అరుపు లేదు, ఆవేశం లేదు. వెనకాల గిటార్లు రంపంలా కోస్తుంటే, వాటి అడుగున మన పెళ్ళింటి దరువు!

పబ్లిక్ ఎనిమీని ప్రాణంగా విన్నవాళ్ళలో కొందరికి ఇది మింగుడుపడలేదు. కోపం నిండిన పాటని ఇంత నెమ్మదిగా పాడితే ఎలాగన్నారు. రాక్ సంగీతం అలవాటైనవాళ్ళు గిటార్లు విని సంబరపడ్డారు. మనవాళ్ళకి ముసలమ్మలు కనిపించారు. నా మటుకు నాకు జైలు గోడలు ఎంత ప్రయత్నించినా కనిపించవు. పెళ్ళిపందిరే కనిపిస్తుంది. ఇంకొకరి రికార్డుల ముక్కలతో కట్టిన ఆల్బమ్ మీద ఎవరు తీర్పు చెప్పినా నాకు నమ్మకం కుదరనిది ఇందుకే. ఆ చెప్పేది ఆల్బమ్ గురించి కాదు, అంతకుముందు ఆ మనిషి విన్న పాటల గురించి.

మా బావగారికి ఒకసారి ఈ ఆల్బమ్‌లోని ‘హెల్ ఈజ్ రౌండ్ ద కార్నర్’ వినిపించాను. ఘంటసాల రికార్డులు పెట్టెల కొద్దీ దాచుకున్న మనిషి ఆయన. ఓ నిమిషం ఓపిగ్గా విన్నారు. “ఏమోయ్, ముల్లు ఇరుక్కున్నట్టుంది, కాస్త జరుపు,” అన్నారు. రికార్డు కాదు బావగారూ, పాటే అంత అని చెప్పాను. “చిటపటలు కూడా పాటేనా?” అన్నారు. అవి కూడా పాటేనండీ అన్నాను. ఆయన నాకేసి జాలిగా చూసి కాఫీ సంగతి కనుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. ఆయన్ని తప్పుపట్టలేను. జీవితమంతా గుడ్డ పెట్టి తుడిచి వదిలించుకున్న దుమ్మునీ, ముల్లు జరిపి తప్పించుకున్న గీతనీ కోరి తెచ్చి పాటగా వినిపిస్తే ఏమనాలి?

ఆ తిరిగి తిరిగి వచ్చే తీగవాద్యాల ముక్క ఐజాక్ హేస్‌ది. 1971లో వచ్చిన ‘బ్లాక్ మోజెస్’ ఆల్బమ్‌లోది. తమాషా ఏమిటంటే, బ్రిస్టల్ మనుషులే అయిన పోర్టిస్‌హెడ్ బృందం తమ ‘డమ్మీ’ ఆల్బమ్‌లో చివరి పాట ‘గ్లోరీ బాక్స్’ని కట్టింది కూడా ఆ ముక్క మీదే. వాళ్ళది 1994 ఆగస్టులో వచ్చింది, ఇతనిది ఆరు నెలల తర్వాత. ముందు ఎవరికి తట్టింది, ఎవరు ఎవర్ని చూసి చేశారన్న పంచాయితీ అభిమానుల మధ్య ఇంకా తెగలేదు. మెర్క్యురీ బహుమతి బరిలో కూడా 1995లో రెండూ ఎదురుపడ్డాయి, ‘డమ్మీ’ గెలిచింది. ఎన్‌ఎంఈ పత్రిక మాత్రం ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ‘మాక్సిన్‌క్వే’నే ఎంచింది. నన్నడిగితే పోర్టిస్‌హెడ్ ఆ ముక్కని సింహాసనం మీద కూర్చోబెట్టింది. దాని మీద గొంతు నిలబడి, గిటార్ పైకి లేచి, పాట ఒక కొసకి చేరుతుంది. ట్రికీ దాన్ని ఎక్కడికీ చేర్చడు. అది తిరుగుతుంటే పక్కన కూర్చుని గొణుగుతాడు. వినడానికి మొదటిదే బాగుంటుంది, నేను మళ్ళీ మళ్ళీ పెట్టుకునేది రెండోది.

మా మేనల్లుడిది ఇంకో వాదన. వాడు వీణ నేర్చుకుంటున్నాడు. “సొంతంగా ఒక్క స్వరం వాయించనివాణ్ణి సంగీతకారుడంటే ఎలా మామయ్యా?” అంటాడు. మంచి ప్రశ్నే. ఆ ఆల్బమ్‌కి ట్రికీతో పాటు పనిచేసిన మార్క్ సాండర్స్ చెప్పిన సంగతి ఒకటుంది. ట్రికీ రెండు రికార్డులు తెచ్చి ఇచ్చేవాడట. రెండింటి నడకా వేరు, శ్రుతీ వేరు. ఈ రెండూ కలుపు అనేవాడు. సంగీతం తెలిసినవాడెవడైనా కుదరదనే అంటాడు. సాండర్స్ మాత్రం రికార్డు ముక్కల్ని పట్టి తిరిగి వినిపించే శాంప్లర్ యంత్రంలో ఒక ముక్క వేగం తగ్గించి, దాంతోపాటు శ్రుతీ దిగుతుంటే, రెండూ ఒకచోట సర్దుకునేదాకా తంటాలు పడేవాడు. మా మేనల్లుడి గురువుగారు ఆ పొత్తును ఒప్పుకోరు. అయినా వినికిడిలోనూ విద్య ఉంటుందని ఆ తంటాలే చెబుతున్నాయి. కుదరవని నేర్చుకున్నవాడికి అవి కుదిరే చోటు ఎన్నటికీ తెలిసేది కాదు.

దొంగతనం మాట కూడా వస్తుంది. సినిమా వరసలు అటూ ఇటూ ఎగిరిపోవడం మనకి కొత్తకాదు. కానీ వరస ఎత్తుకొచ్చినవాడు దాన్ని మళ్ళీ తన వాద్యగాళ్ళ చేత వాయించుకోవాలి. శాంపిల్ అంటే రికార్డు ముక్కనే ఎత్తుకోవడం, అందులో వాయించిన చేతులే వచ్చేస్తాయి, రికార్డు చేసిన గది గాలితో సహా. 1991లో న్యూయార్క్‌లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద కేసు నడిచినప్పుడు న్యాయమూర్తి దొంగిలించవద్దన్న బైబిల్ ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ముందుగా అనుమతి తీసుకోవడం, సొమ్ము కట్టడం తప్పనిసరి వ్యవహారమైంది.

అన్నిటికన్నా నన్ను పట్టి కుదిపింది ‘ఆఫ్టర్‌మాత్’. అందులో ఒకచోట ఒక మగగొంతు తల్లి గురించి చెబుతానంటుంది. ఆల్బమ్ పేరు వెనక కథ తెలిసినవాళ్ళు అది విని కన్నకొడుకు మాట అనుకుంటారు. కానీ ఆ గొంతు 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’ సినిమాలోది. అక్కడ ఆ మాట అనేది తల్లే లేని కృత్రిమ మానవుడు. అంటూనే ఎదుటివాణ్ణి తుపాకీతో కాల్చేస్తాడు. సినిమా చూసినవాడు ఆ తూటా కోసం ఎదురుచూస్తాడు, చూడనివాడు బెంగపడతాడు. ట్రికీకి రెండూ కావాలి కాబోలు.

ఈ కిటుకు ప్రతిసారీ పారుతుందని కాదు. ‘బ్రాండ్ న్యూ యూ ఆర్ రెట్రో’లో మైకేల్ జాక్సన్ ‘బ్యాడ్’ ముక్క వస్తుంది. ఎనభైల్లో చెవులున్నవాడెవడూ దాన్ని పోల్చుకోకుండా ఉండలేడు. పోల్చుకున్నాక మిగిలేది ‘బ్యాడ్’ పెట్టుకుని వినాలన్న కోరికే. మా మేనల్లుడికి మాత్రం ఆల్బమ్ మొత్తంలో నచ్చింది ఆ ఒక్కటే. ‘బ్యాడ్’ వాడెప్పుడూ వినలేదట.