ఎప్సమ్ అన్నందుకు పోయిన క్యారియర్

మనవడు టీవీలో ఫుట్‌బాల్ పెట్టుకుని "ఇవాళ మాంచెస్టర్ డెర్బీ, తాతయ్యా" అన్నాడు. 'డెర్బీ' అనే మాట చెవిన పడితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎనిమిదో తరగతిలో క్విజ్ పెట్టారు. డెర్బీ గుర్రప్పందెం ఏ ఊళ్ళో జరుగుతుందని ప్రశ్న. ఎప్సమ్ అని రాశాను. మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన 'డెర్బీ' అని రాశారు. అడగబోతే "పేరులోనే ఊరుంటే ఇంకో ఊరెందుకురా?" అన్నారు. మైసూరు బజ్జీ తినాలంటే మైసూరు వెళ్తున్నామా? ఈ జవాబు నాకు తట్టేసరికి మాస్టారు రిటైరైపోయారు.

డెర్బీ ఊరు లండన్‌కి ఉత్తరాన ఎక్కడో ఉంది. పందెం దక్షిణాన, సర్రేలో, ఎప్సమ్ డౌన్స్ అనే గడ్డిమిట్టల మీద. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడు న్యూమార్కెట్‌కి తరలించారే గానీ డెర్బీ గడప తొక్కలేదు. పేరు ఊరిది కాదు, దొరది. పన్నెండో డెర్బీ ప్రభువుకి ఎప్సమ్ దగ్గర్లో 'ఓక్స్' అనే ఇల్లుండేది. 1779లో ఆడగుర్రాల పందేనికి ఆ ఇంటి పేరు పెట్టారు. మరుసటేడు ఇంకో పందెం మొదలైంది. దానికి ప్రభువు పేరా, గుర్రాల యజమాని సర్ చార్లెస్ బన్‌బరీ పేరా అని నాణెం ఎగరేశారట. ప్రభువు గెలిచాడు. మొదటి పందెం మాత్రం బన్‌బరీ గుర్రం డయోమెడ్ కొట్టేసింది. నాణెం రెండోవైపు పడివుంటే మాస్టారు 'బన్‌బరీ' అనే ఊరు వెతుక్కునేవారు!

ఆ పందెం దారైనా తిన్నగా ఉండదు. మైలున్నర: మొదట ఎగువకి, తర్వాత పల్లానికి, టాటెన్‌హామ్ కార్నర్ దగ్గర ఎడమకి మలుపు. మూడేళ్ళ గుర్రాలు అక్కడ తడబడతాయి. 1913లో ఓటుహక్కు కోసం పోరాడిన ఎమిలీ డేవిసన్ అక్కడే రాజుగారి గుర్రం ఆన్మర్‌కి ఎదురెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత కన్నుమూసింది. పాత ఫిల్ములో ఆమె కిందపడ్డం కనిపిస్తుంది. గుర్రం మటుకు లేచి, రౌతు లేకుండానే పరిగెత్తింది.

సరే, నా సంగతి. ఆ ఒక్క మార్కుతో మొదటి బహుమతి పక్కింటి వాడికి పోయింది: మూడు గిన్నెల స్టీలు క్యారియర్, పైగిన్నె మూత మీద స్కూలు పేరు. అది ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది. కిందటి సంక్రాంతికి మాకు పులిహోర అందులోనే పంపారు. గిన్నెలు కడిగి తిరిగిచ్చింది నేనే.