అడవిదారిలో ఇంటి పాట

ఖమ్మమునుండి భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. రైలులో వచ్చు యాత్రికులు ‘భద్రాచలం రోడ్’ అను స్టేషను పేరు చూచి స్వామి సన్నిధికే వచ్చితిమని సంతసింతురు గాని, అది కొత్తగూడెము. గోదావరి యింకను 40 కిలోమీటర్ల దూరమున నుండును. మేము మాఘమాసమున కారులో పోయితిమి. మా యింటి పాటలన్నియు మావెంట వచ్చినవి. అయినను కారులో ఒక్క కేసెట్టుగాని డిస్కుగాని లేదు. ఆ సంగతియే సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

బాలమురళీకృష్ణగారు పాడిన రామదాసు కీర్తనలు నేడు ఏ ఫోనులోనైనను వినవచ్చును. కాని స్వర్గస్థురాలైన మా అత్తగారు పాడిన ఊర్మిళాదేవి నిద్ర, మంగళహారతులు, అప్పగింతల పాటలు ఏ యంగడిలో దొరకును? అవి యన్నియు మా బీరువాలోని నలువది కేసెట్లలో నుండెను. కేసెట్టు రిబ్బను శాశ్వతము కాదు. దానిపై నున్న ఇనుపపొడి పూత నానాటికి రాలిపోవును. గంట కేసెట్టును కంప్యూటరులోని కెక్కించుటకు గంటయే పట్టును గనుక, వేసవి సెలవులన్నియు దానికే సరిపోయినవి.

ఆ కంప్యూటరు ఖమ్మములో మా యింటనే యున్నది. అందు నావిడ్రోమ్ అను ఉచిత సాధన ముంచితిమి. ఫోను పాట నడిగినచో, కంప్యూటరు దానిని చిన్నచిన్న తునుకలుగా ఇంటర్నెట్టుపై పంపును. చిక్కెక్కడనగా, ఇంటర్నెట్టు కంపెనీలు పెక్కు ఇండ్లకు కలిపి ఒకే చిరునామా నిచ్చుట కలదు. ఒకే వాకిలి గల పది వాటాల లోగిలికి వచ్చిన చుట్టము ఏ తలుపు తట్టవలెనో యెరుగనట్లు, బయటనుండి వచ్చు పిలుపు మన కంప్యూటరును చేరదు. అందుచే లోపలి యంత్రమే బయటికి వచ్చి, తానెరిగిన ఫోనునకు మాత్రమే దారి చూపు ‘వైర్‌గార్డ్’ అను రహస్యమార్గమును మా అబ్బాయి యేర్పరచెను. పరాయివారి కది తెరువబడదు. కరెంటు పోయినచో పాటయు పోవును గాన ఇన్వర్టరు తప్పనిసరి.

కొత్తగూడెము వరకు పాట నిరాటంకముగా సాగెను. తానీషా కాలమున కంచెర్ల గోపన్న తహసీల్దారై యేలిన పాల్వంచ దాటగానే టేకుచెట్లు దట్టమైనవి, సిగ్నలు సన్నగిల్లినది. 320 కిలోబిట్ల వంతున వచ్చు అరగంట పాటకు 72 మెగాబైట్లు కావలెను. 96కు తగ్గించినచో 22 చాలును. పాతకేసెట్టు గొంతునకు అదియే యెక్కువ. తగ్గించితిమి, మరి కొంతదూరము పాడెను. పిమ్మట అదియు నిలిచెను. ఇంటివద్దనే ఫోనులో భద్రపరచుకొనిన పాటలు మాత్రము సారపాక కాగితపు మిల్లు కనబడువరకు మమ్ము ఆదుకొన్నవి. అడవికి పోవువారు ఈ యేర్పాటు మరువరాదు.

గోదావరి వంతెన దాటి, స్వామి దర్శనము చేసికొని, దుమ్ముగూడెములోని మా చిన్నత్తగారి యింటికి పోయితిమి. ఆమె మా అత్తగారి చెల్లెలు, ఎనుబది నాలుగేండ్లు. పెరటి చింతచెట్టు క్రింద సిగ్నలు కొంచెము చిక్కినది. అక్కగారి గొంతు విని ఆమె కంట తడి పెట్టలేదు. చెవి యొగ్గి వినుచుండి, చేయెత్తి ఆపించి,

“అమ్మాయీ, మా అక్క ఇక్కడ రెండు చరణాలు వదిలేసింది. కేసెట్టు అయిపోతుందని తొందరపడి ఉంటుంది” అనిరి.

నిజమే! ఆ కేసెట్టున కొకవైపు అరగంటయే. విడిచిన చరణములను చిన్నత్తగారు తామే పాడిరి. గొంతు వణకినను వరుస తప్పలేదు. మేము ఫోనులో పట్టుకొంటిమి. రాత్రి భద్రాచలమునుండి ఆ పాట వచ్చినదారినే ఖమ్మపు కంప్యూటరునకు చేరెను. తెల్లవారకముందే డాలసునుండి మా ఆడుబిడ్డ ఫోను చేసి, “వదినా, పిన్ని చేత ఇంకా పాడించండి” అనెను.

మరునాడు పర్ణశాలకు పోవుచు మరల దుమ్ముగూడెమున దిగితిమి. చిన్నత్తగారు అప్పటికే అప్పగింతల పాటలు జ్ఞప్తికి తెచ్చుకొని, చింతచెట్టు క్రింద పీట వేయించుకొని కూర్చుండిరి.